ఆ రాత్రే ఈ రాత్రి అనగలమా?

ఒకప్పుడు ఒకే గదిలో కూర్చుని కంప్యూటర్ ఆటలాడిన మిత్రులు, చదువులు ముగిసి, ఉద్యోగాల వల్లా సంసారాల వల్లా తలోదారి పట్టిన తరువాత, పది పదిహేనేళ్లకు మళ్లీ అదే జట్టుగా చేరి, వారానికో నెలకో ఒక రాత్రిని అదే ఆటకు కేటాయించుకోవడం నేటి మధ్యవయస్కులలో కనిపిస్తున్న ఒక చిన్న ఆచారం. పైకి ఇది ఒట్టి కాలక్షేపమే. అయినా ఆ ఆటకు కూర్చున్నవారి మనస్సులలో, పైకి అన్నా అనకపోయినా, ఒక సందేహం మెదులుతూ ఉంటుంది: ఇప్పుడు జరుగుతున్నది ఆనాటిదేనా, లేక ఆనాటి పేరు తగిలించుకున్న మరొకటా? ఆత్మ విషయంలోనూ దీపజ్వాల విషయంలోనూ భారతీయ దార్శనికులు శతాబ్దాలపాటు తర్కించుకున్న ప్రశ్న ఇదే కనుక, దానిని ఆటరాత్రి విషయంలో అడగడం అంత తేలిక పనేమీ కాదు.

చర్చ గాలిలో సాగకుండా ఉండాలంటే ఒక నిర్దిష్టమైన ఉదాహరణ కావాలి. టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్ ప్రాంతపు ఎన్‌సెంబుల్ స్టూడియోస్ 1999లో ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’ అనే ఆటను విడుదల చేసింది. ఆటగాళ్లు ఒక్కొక్కరు ఒక్కొక్క మధ్యయుగపు రాజ్యాన్ని చేపట్టి, కొద్దిమంది గ్రామీణులతో, చుట్టుపక్కల దొరికే గొర్రెలతో బతుకు మొదలుపెట్టి, కోటలూ ఫిరంగులూ దాకా ఎదిగి పోరాడే ఆ ఆటలో ఒకేసారి 8 మంది వరకు పాల్గొనవచ్చు. తెలుగునాట 2000 తరువాతి దశాబ్దంలో ఇంజనీరింగ్ కళాశాలల వసతిగృహాలలో ఈ ఆట, దానితోపాటు ‘కౌంటర్ స్ట్రైక్’, రాత్రులను ఏలాయి. ల్యాన్ అంటే ఒక గదిలోనో ఒక భవనంలోనో ఉన్న కంప్యూటర్లను తీగలతో కలిపే స్థానిక వలయం. అది ఉన్నచోట ఇంటర్నెట్ లేకపోయినా ఆట సాగేది. బరువైన మానిటర్లు, కిటికీలోంచి కింది అంతస్తుకు వేలాడదీసిన తీగ, ఓడినవాడి అరుపు గోడ అవతలి నుంచి నేరుగా వినిపించడం ఆ రాత్రుల సామగ్రి. తరువాత ఆ విద్యార్థులలో కొందరు హైదరాబాదులో, కొందరు బెంగళూరులో, మరికొందరు ఆట పుట్టిన ఆ డాలస్‌లోనే స్థిరపడ్డారు. ఆటను చేసిన సంస్థ 2009లో మూతపడింది. 2019 నవంబరులో అదే ఆటను కొత్త బొమ్మలతో, ఇంటర్నెట్ మీద మరింత సులువుగా ఆడుకునే వీలుతో మరో సంస్థ పునర్నిర్మించి విడుదల చేయగా, కొన్ని నెలలకే వచ్చిన కోవిడ్ గృహనిర్బంధం ఎన్నో పాత జట్లను మళ్లీ కలిపింది. డాలస్‌లో శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర అయినప్పుడు హైదరాబాదులో, వేసవిలోనైతే శనివారం ఉదయం 8 గంటలు, చలికాలంలోనైతే 9 గంటలు. అంటే ‘ఆటరాత్రి’ అనే మాటలోని రాత్రి సగం జట్టుకు పగలు. అయినా దానిని ఎవరూ ఆటపగలు అనరు.

ఈ పేరు నిలవడంలోనే అసలు సమస్య ఉంది. మునుపు చూసినదానిని మళ్లీ చూసి ‘అదే ఇది’ అని గుర్తించే జ్ఞానానికి శాస్త్రంలో ప్రత్యభిజ్ఞ అని పేరు. నైయాయికులు, అంటే తర్కాన్ని ప్రధానంగా చేపట్టిన న్యాయదర్శనం వారు, ఈ ప్రత్యభిజ్ఞను ఆధారం చేసుకుని వస్తువులు కాలంలో నిలుస్తాయని, వాటిని గుర్తించే ఆత్మ కూడా నిలుస్తుందని వాదించారు. బౌద్ధ తార్కికులు దీనిని ఒప్పుకోలేదు. ఉన్నది ప్రతిదీ క్షణంలో పుట్టి క్షణంలో నశిస్తుందనేది వారి క్షణికవాదం. దీపజ్వాల ఒకటే అనిపించినా క్షణక్షణానికి వేరు జ్వాల అయినట్లే, కత్తిరించాక మళ్లీ పెరిగిన వెంట్రుకలను చూసి ‘అవే వెంట్రుకలు’ అన్నట్లే, సాదృశ్యాన్ని ఏకత్వంగా పొరబడడం వల్ల ప్రత్యభిజ్ఞ కలుగుతుందని వారు సమాధానం చెప్పారు. కత్తిరించి పెరిగిన వెంట్రుకల ఉదాహరణ పునరుద్ధరించిన ఆటరాత్రికి దీపం కంటే బాగా సరిపోతుంది, ఎందుకంటే ఇక్కడ కోత నిజంగానే పడింది. నడుమ పదేళ్లో పదిహేనేళ్లో ఏమీ జరగలేదు.

బౌద్ధుని పక్షాన సాక్ష్యం బలంగానే ఉంది. ఆట అదే కాదు: 2022లో వచ్చిన ఒక విస్తరణలో ద్రావిడులు, బెంగాలీలు, గుర్జరులు కొత్త జాతులుగా చేరారు, మునుపు ‘భారతీయులు’ అని ఉన్న జాతి పేరు ‘హిందుస్తానీలు’గా మారింది. చేతులు అవి కావు: ఇరవై ఏళ్ల వయసులో రెప్పపాటులో ఇచ్చిన ఆజ్ఞ నలభై ఏళ్లకు ఒక లిప్త ఆలస్యంగా వెళుతుంది. గది అది కాదు. తెల్లవార్లూ మేలుకోగల ఒళ్లు అది కాదు. చాట్‌లో 11 అనే సంఖ్యను పంపితే నవ్వు వినిపించే ఏర్పాటు మాత్రం కూర్పులు మారినా నిలిచింది, కానీ ఆ యాంత్రికమైన నవ్వు ఒక్కటే నిలిచిందంటే నైయాయికుడు కూడా దానిని తన పక్షపు సాక్షిగా పిలవడానికి సిగ్గుపడతాడు.

అద్వైతులు ఈ చిక్కును మరొక వైపు నుంచి విప్పారు. ‘ఆ దేవదత్తుడే ఈ దేవదత్తుడు’ అనే వాక్యం వారి గ్రంథాలలో తరచు వచ్చే ఉదాహరణ. ‘ఆ’ అనే మాట ఎప్పుడో ఎక్కడో చూసిన దేశకాలాలను, ‘ఈ’ అనే మాట ఎదుట ఉన్న దేశకాలాలను తెలుపుతుండగా, రెండింటికీ పొత్తు కుదరదు కనుక, వాక్యం అర్థవంతం కావాలంటే వినేవాడు ఆ దేశకాలాలనూ ఈ దేశకాలాలనూ రెండింటినీ విడిచిపెట్టి, దేవదత్తుడనే వ్యక్తిని మాత్రం నిలుపుకోవాలి. మాటకున్న అర్థంలో కొంత వదిలి కొంత ఉంచుకునే ఈ పద్ధతికి జహదజహల్లక్షణ అని పేరు. గమనించదగినదేమంటే, ఇక్కడ విడవవలసింది పాతదానిలోని విశేషాలను మాత్రమే కాదు, కొత్తదానిలోని విశేషాలను కూడా. పునరుద్ధరణకు పూనుకున్నవారు ఎక్కువగా తడబడేది ఈ చోటనే. పాత కూర్పునే సంపాదించి, పాత మ్యాపులోనే, వీలైతే పాత బిర్యానీ పాయింటు నుంచే తెప్పించుకుని ఆడాలని పట్టుబట్టే మిత్రుడు ‘ఆ’ను వదలలేనివాడు, ఎంతసేపూ హోదాలు, గృహరుణాలు, పిల్లల బడులు తప్ప మరో ఊసు లేనివాడు ‘ఈ’ను వదలలేనివాడు. ఇద్దరి వల్లా వాక్యం చెడుతుంది. మొదటివాడి వల్ల కొంచెం ఎక్కువ చెడుతుందని చెప్పాలి, ఎందుకంటే అతడు చేస్తున్నది భక్తి అనే భ్రమలో ఉంటాడు.

ఈ మొదటి రకం పొరపాటును డెన్మార్క్ తత్త్వవేత్త సోరెన్ కియెర్కెగార్డ్ 1843లో మారుపేరుతో ప్రచురించిన ‘పునరావృత్తి’ అనే పుస్తకంలో నవ్వు పుట్టించేంత శ్రద్ధగా పరీక్షించాడు. అందులోని కథకుడు కాన్‌స్టాంటిన్ కాన్‌స్టాంటియస్, ఒకప్పుడు తాను ఆనందించిన బెర్లిన్ యాత్రను అచ్చంగా మళ్లీ చేయవచ్చునా అని తెలుసుకోవడానికే బెర్లిన్ వెళతాడు. పాత బసకే చేరతాడు. ఇంటియజమానికి పెళ్లయి, మునుపటి గదులన్నీ ఇప్పుడు దొరకవు. పాత నాటకశాలకే పోతాడు; కోరిన చోటు దక్కదు, ఒకప్పుడు కడుపుబ్బ నవ్వించిన నటుడు నవ్వించలేకపోతాడు. పునరావృత్తి అసాధ్యమని తేల్చుకుని తిరిగివస్తాడు. ఈ ఓటమిని కియెర్కెగార్డ్ తుది తీర్పుగా నిలపలేదు. స్మరణ వెనక్కి నడుస్తుంది, నిజమైన పునరావృత్తి ముందుకు నడుస్తుంది అనేది అతడు ఆ పుస్తకంలో తెచ్చిన భేదం. ఆ ముందునడక మనిషి తన ప్రయత్నంతో సాధించే ప్రయోగఫలం కాదని, మతసంబంధమైన భూమికలో మాత్రమే లభించేదని చూపడానికి అతడు సర్వం పోగొట్టుకుని మళ్లీ పొందిన యోబు కథను బైబిలు నుంచి తెచ్చాడు. ఆ కథ అవసరం ఈ చర్చకు చివరలో మళ్లీ పడుతుంది.

మతం పేరెత్తినప్పుడు ఆటపై మతాలకు ఉన్న అనుమానాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. ఋగ్వేదం పదో మండలంలోని 34వ సూక్తం జూదరి విలాపం. భారతంలో సభాపర్వపు పాచికలు ఒక వంశాన్ని అడవులకు పంపాయి. బౌద్ధుల దీఘనికాయంలోని మొదటిదైన బ్రహ్మజాల సుత్తం, బుద్ధుడు దూరంగా ఉంచిన ఆటల జాబితాను, ఎనిమిది గడుల పలకల ఆటలతో సహా, ఓపికగా ఇస్తుంది. అవి ప్రమాదానికి, అంటే ఏమరుపాటుకు, తావులని దాని అభిప్రాయం. అర్ధరాత్రి దాటాక ‘ఇంకొక్క ఆట’ అని మూడు ఆటలాడి మర్నాడు ఆఫీసు సమావేశంలో కునికేవాడి విషయంలో ఈ సుత్తానికి జవాబు చెప్పడం కష్టం. మరోవైపు అదే దేశపు వేదాంతం సృష్టినే ఆట అంది. బ్రహ్మసూత్రాలలో రెండో అధ్యాయం మొదటి పాదంలోని 32, 33 సూత్రాలు, ఏ కొరతా లేని బ్రహ్మానికి సృష్టించడంలో ప్రయోజనమేమిటన్న ఆక్షేపాన్ని ఎత్తి, అది కేవలం లీల అని సమాధానమిస్తాయి. శంకరుల భాష్యం దీనికి, కోరికలన్నీ తీరిన రాజు వినోదం కోసం విహరించడాన్ని ఉదాహరణగా చూపుతుంది. అయితే లీల అనే మాటను మనుషుల ఆటకు అతికించడంలో తొందరపడకూడదు. నలభై ఏళ్ల ఉద్యోగి కోరికలన్నీ తీరినవాడై ఆటకు రాడు; అలసిపోయి వస్తాడు, ఒంటరితనం తోచి వస్తాడు, ఇంట్లో అనుమతి అడిగి వస్తాడు. అతని ఆటకు కొరతే కారణం. విద్యార్థి దశలోని ఆటకే లీల పోలిక కొంత దగ్గర, అదీ ఆ వయసులో కాలం తరగనిదిగా తోచడం వల్ల.

కనుక పునరుద్ధరించిన రాత్రికి తగిన పోలిక లీలలో కన్నా వ్రతంలో దొరుకుతుంది. తెలుగువారికి ఆట, మేలుకోవడం, మతం మూడూ ఒకచోట కలిసిన రాత్రి ఒకటి తెలుసు: శివరాత్రి జాగారం. నిద్ర పోకుండా తెల్లవార్చడానికి వైకుంఠపాళీ, పచ్చీసు పరుచుకుని కూర్చున్న ఇళ్లలో ఆ ఆటను ఎవరూ ప్రమాదమనలేదు, ఎందుకంటే అక్కడ ఆట ఏమరుపాటుకు ఎదురు నిలిచిన సాధనం. జాగారం తెల్లవారుజామున తనంత తాను జరిగిపోయేది కాదు. ముందుగా సంకల్పం, అంటే ఈ దినాన ఈ చోట ఈ పని చేయబోతున్నానని దేశకాలాలను పేర్కొంటూ చేసే నిశ్చయం, దానికి అవసరం. వాట్సాప్ గుంపులో ‘శుక్రవారం తొమ్మిదిన్నర, డాలస్ టైమ్’ అని పెట్టే సందేశం రూపంలో ఇంతకన్నా భిన్నం కాదు. కొందరికి ఈ ముందస్తు ఏర్పాటే చప్పగా తోస్తుంది. తలుపు తట్టి లేపి ఆడిన రోజులతో పోలిస్తే క్యాలెండరులో పెట్టుకున్న ఆట ఆటేనా అని వారి బాధ. కానీ విద్యార్థి ఇచ్చిన రాత్రికి వెల లేదు, అతని దగ్గర రాత్రులు కుప్పలుగా ఉన్నాయి. ఇప్పుడిచ్చే మూడు గంటలు మరొకరి నుంచో మరొక పని నుంచో తీసి ఇచ్చినవి. దానం అనే మాట రెండోదానికే చెల్లుతుంది.

పూర్వమీమాంస, అంటే వైదిక కర్మల స్వరూపాన్ని విచారించే శాస్త్రం, కర్మలను విభజించిన తీరు ఇక్కడ అనుకోని వెలుగునిస్తుంది. ఫలితం కోరి చేసేది కామ్యకర్మ; ఫలితంతో నిమిత్తం లేకుండా, వేళ వచ్చింది కనుక చేసేది నిత్యకర్మ. పాత జట్టును కూడగట్టే ప్రయత్నం దాదాపు ఎప్పుడూ కామ్యంగానే మొదలవుతుంది: ఆనాటి ఆనందం మళ్లీ కావాలి. మొదటి రాత్రి అది దొరికినట్లే ఉంటుంది. మూడో రాత్రికి ఒకరికి నెట్ నెమ్మదిస్తుంది, ఒకరి పాప నిద్ర లేస్తుంది, ఒకడు మిగిలినవారికన్నా మరీ బాగా ఆడడం నేర్చుకుని వచ్చి అందరి రాజ్యాలనూ ఇరవై నిమిషాలలో కూల్చి ఆట రుచి చెడగొడతాడు. ఫలం కోసం వచ్చినవారు ఇక్కడితో తగ్గిపోతారు, ఫలం రాలేదు కనుక వారిని తప్పుపట్టడానికీ లేదు. నిలిచే జట్లు ఎక్కడో ఒకచోట, తమకు తెలియకుండానే, కామ్యాన్ని నిత్యంగా మార్చుకున్నవి. ఆట బాగుంటుందో లేదో అన్న లెక్క మాని, శుక్రవారం వచ్చింది కనుక వచ్చి కూర్చున్నవి. ఆనందం అటువంటివారికే తరచు దక్కడం విచిత్రమే గాని, దానిని ఫలంగా చెప్పి ఆశపెడితే అది మళ్లీ కామ్యమే అవుతుంది.

జర్మన్ తత్త్వవేత్త హాన్స్ గియోర్గ్ గాడమర్ 1960లో వెలువరించిన ‘సత్యం, పద్ధతి’ అనే గ్రంథంలో పండుగ కాలాన్ని గురించి చేసిన విచారం దీనితో కలుస్తుంది. ఏటేటా వచ్చే పండుగ ప్రతిసారీ వేరొక పండుగ కాదు. మొదట ఎప్పుడో జరిగిన ఒక అసలు పండుగకు జ్ఞాపకచిహ్నం మాత్రమే కూడా కాదు. తిరిగి రావడంలోనే దాని ఉనికి ఉంది, జరుపుకున్నప్పుడే అది ఉంటుంది. ఈ సంక్రాంతి నిరుటి సంక్రాంతేనా అని ఎవరూ తర్కించరు. ఆటరాత్రి విషయంలో ఆ సందేహం పుట్టడానికి కారణం, వసతిగృహంలో జరిగిన ఏదో ఒక రాత్రిని మూలప్రతిగా ఎంచుకుని, తరువాతి వాటిని నకళ్లుగా లెక్కించడమే. నిజానికి ఆ రోజుల్లో కూడా ఏ ఒక్క రాత్రీ మూలం కాదు. సోమవారం ఆట శనివారం ఆటను తలచుకుంటూ సాగింది, నిరుటి సీనియర్లు చెప్పిన కథల బరువుతో ఈ ఏటి జూనియర్లు ఆడారు. అది మొదటి నుంచీ ఆవృత్తే. నడుమ పదిహేనేళ్ల విరామం చాలా పొడుగైన విరామం, అంతవరకే.

ఇంతటితో బౌద్ధుడు ఓడిపోయాడని అనరాదు. గుర్తించేవాడు ఎవరన్న అతని ప్రశ్న మిగిలే ఉంది. నైయాయికుని దృష్టిలో చూసినవాడే గుర్తించాలి, ఒకరి అనుభవాన్ని మరొకరు స్మరించలేరు. ఆటరాత్రి ఈ నియమాన్ని కొంత సడలిస్తున్నట్లు కనబడుతుంది. జరిగిన రాత్రి మొత్తం ఏ ఒక్క మిత్రుడికీ గుర్తుండదు: గెలుపు అంచున కరెంటు పోయిన సంగతి ఒకరి దగ్గర, మిత్రపక్షంగా ఉంటానని మాట ఇచ్చి కోట ముట్టడించిన ద్రోహం, సహజంగానే, మోసపోయినవాడి దగ్గర, ఆ గొడవ తరువాత మూడు రోజులు మాటల్లేకపోవడం మూడోవాడి దగ్గర ఉంటాయి. ‘అదే ఇది’ అనే జ్ఞానం ఇక్కడ ముక్కలు ముక్కలుగా పలువురిలో ఉండి, వారు ఒకచోట చేరినప్పుడే ఒక వాక్యమవుతుంది. తమతో సరితూగే అపరిచితులు ఇంటర్నెట్‌లో ఏ క్షణానైనా దొరుకుతున్నా, అంతకన్నా మంచి ఆట దొరుకుతున్నా, పాత మిత్రులే కావాలనడంలోని అర్థం ఇదే కావచ్చు.

ఈ ఆట లోపలి యంత్రాంగం కూడా ఇటువంటి కూర్పుతోనే పనిచేయడం ఆశ్చర్యం. దాని నిర్మాణంలో పాలుపంచుకున్న పాల్ బెట్‌నర్, మార్క్ టెరానో 2001లో వివరించిన ప్రకారం, ఆ కాలపు 28.8 కిలోబిట్ల మోడెం మీద వందలాది సైనికుల స్థితిగతులను ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు పంపడం సాధ్యం కాదు. అందుచేత ఏ సైనికుడు ఎక్కడున్నాడో పంపరు. ప్రతి కంప్యూటరూ మొత్తం ప్రపంచాన్ని తనలో తాను విడిగా నడుపుకుంటుంది, ఆటగాళ్లు ఇచ్చిన ఆజ్ఞలు మాత్రమే తీగ మీద ప్రయాణిస్తాయి, అవి అందరికీ చేరే వ్యవధి ఉండేలా కాస్త ఆగి అన్నిచోట్లా ఒకేసారి అమలవుతాయి. ఆట జరిగే చోటు అంటూ ఒకటి లేదు. ఎనిమిది ప్రపంచాలు విడివిడిగా నడుస్తూ, చిన్న చిన్న మాటల మార్పిడి వల్ల ఒకే ప్రపంచంగా ఉంటాయి. ఎక్కడైనా ఒక జింక నిలుచున్న చోటులో వెంట్రుకవాసి తేడా వస్తే, కొన్ని నిమిషాలకు ఒక గ్రామీణుడు దారి కొద్దిగా తప్పుతాడు, అతని ఈటె గురితప్పుతుంది, చివరకు ఆట లెక్కలు కుదరక ఆగిపోతుంది. ఏడుగురు మిత్రులు మూడు నగరాలలో ఏడు జీవితాలు నడుపుకోవడానికి దీనిని పోలికగా చెప్పవచ్చు గాని, పోలిక ఒకచోట తెగుతుంది: మనుషుల విషయంలో జింక ఎప్పుడో కదిలిపోయింది, అయినా ఆట ఆగలేదు.

స్నేహంలో ఇటువంటి తేడాకు చోటుందని అరిస్టాటిల్ ఎరుగును. దూరం స్నేహాన్ని తెంచదు, స్నేహవ్యాపారాన్ని, అంటే స్నేహం క్రియారూపంగా జరగడాన్ని, ఆపుతుంది. ఆ ఎడబాటు మరీ సాగితే స్నేహమే మరుపున పడుతుంది అని అతడు తన నీతిశాస్త్రం ఎనిమిదో భాగంలో వివరించాడు. తొమ్మిదో భాగం చివర, మిత్రులు తమకు ప్రియమైన పనిలోనే కలిసి కాలం గడుపుతారంటూ, కలిసి తాగేవారిని, కలిసి పాచికలాడేవారిని, కలిసి వేటాడేవారిని, కలిసి తత్త్వచింతన చేసేవారిని ఒకే వరుసలో పేర్కొన్నాడు. ఆ వరుసలో పాచికలకు చోటిచ్చిన ఉదారతను అతని వ్యాఖ్యాతలు అంతగా పట్టించుకోలేదేమో అనిపిస్తుంది.

ఎడబాటు, మళ్లీ కూడిక అనే విషయానికి తెలుగు పాఠకుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న కథ భాగవతం దశమస్కంధంలోనిది. కృష్ణుడితో కూర్చుని చల్దులు తింటున్న గోపబాలకులను, వారి లేగలను బ్రహ్మ దొంగిలించి దాచాడు. కృష్ణుడు తానే అంతమంది బాలకులుగా, అన్ని లేగలుగా మారి ఏడాదిపాటు వారి ఇళ్లకు వెళ్లివచ్చాడు. తల్లులు మునుపటికన్నా ఎక్కువగా ముద్దుచేశారే తప్ప మారుబిడ్డలని ఎరుగరు. ఏడాది తరువాత అసలు బాలకులు తిరిగి వచ్చినప్పుడు వారికి గడిచింది అరక్షణమే. నువ్వు లేకుండా ఒక్క ముద్దయినా తినలేదని వారు కృష్ణుడితో అన్నారు. తిరిగి కూడిన జట్టు కోరుకునేది ఈ అరక్షణమే. మొదటి పది నిమిషాలు అది దొరికినట్లే ఉంటుంది కూడా, పాత తిట్లు పాత క్రమంలోనే వస్తాయి. కానీ మనుషులకు ఏడాది ఏడాదిగానే గడుస్తుంది, ఎవరి బదులూ ఎవరూ ఇంటికి వెళ్లిరారు.

ఎనిమిదిమందిలో ఒకరు ఇప్పుడు లేని జట్లు ఉన్నాయి. కోవిడ్ తరువాత అటువంటివి మరీ అరుదు కావు. ఆట మొదలుపెట్టే తెరపై ఎనిమిది గడులుంటాయి. ఖాళీగా ఉన్న గడిలో కంప్యూటరును ఆటగాడిగా పెట్టవచ్చు, లేదా ఆ గడిని మూసివేయవచ్చు. యోబుకు దేవుడు పోయినవన్నీ రెట్టింపుగా ఇచ్చాడు, 7,000 గొర్రెలకు 14,000 గొర్రెలు వచ్చాయి. పిల్లలు మాత్రం రెట్టింపు కాలేదు, మునుపటిలాగే ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లే పుట్టారు. మనిషి లెక్క గొర్రెల లెక్క కాదని కియెర్కెగార్డ్ పుస్తకమూ గమనించింది. కంప్యూటరు ఆ గడిలో కూర్చుంటే నాలుగుకు నాలుగు సరిపోతుంది, ఆట సమంగా ఉంటుంది, పైగా అది పోయినవాడికన్నా బాగానే ఆడవచ్చు. గడిని మూసివేసుకున్నవారు నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా చీలి, బాగా ఆడేవాడిని ముగ్గురి వైపు వేసుకుని మొదలుపెడతారు.